చైను వచ్చింది, కొలత పోయింది

హైదరాబాద్ వనస్థలిపురం పనామా దగ్గర పొద్దున్నే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే సైకిళ్ళు ఇప్పటికీ బాగానే కనిపిస్తాయి. ఇళ్ళకు పేపర్లు వేసి తిరిగొస్తున్న కుర్రాళ్ళు, ఆటోనగర్ షెడ్లలో పనికి పోయేవాళ్ళు, బడిపిల్లలు, హెల్మెట్లు బిగించుకుని విజయవాడ హైవే ఎక్కే ఉద్యోగులు. సైకిళ్ళను వదిలేసి వాళ్ళ మోకాళ్ళను చూడండి. చాలామందికి పైకి లేచిన మోకాలు హ్యాండిల్‌ను తాకబోతుంటుంది. కిందికి దిగిన కాలు కూడా చాచుకోదు, సగం ముడుచుకునే ఉంటుంది. సీటు అంత కిందికి ఎందుకు దించావని అడిగితే ఒకటే జవాబు: సిగ్నల్ దగ్గర ఆగితే కాళ్ళు నేలకు ఆనాలి కదా!

ఆ జవాబులో న్యాయం లేకపోలేదు. ఎల్బీనగర్ చౌరస్తా దాటేవాళ్ళెవరూ దాన్ని కొట్టిపారేయరు. అయినా లెక్క చూడండి. నిమిషానికి 70 చుట్లు తొక్కే మనిషి గంటకు 4,200 సార్లు ఒక్కో మోకాలిని వంచి చాపుతాడు. అదే గంటలో ఆగేది మహా అయితే ఏ పాతిక సార్లో. ఆ పాతిక కోసం వేల సార్లు మోకాలిని ఇరుకున పెడుతున్నాడన్నమాట. సీటు సరైన ఎత్తులో ఉన్న సైకిల్ మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనించడం కుదరదు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగి ఒక కాలు కింద పెట్టాలి. నాలుగు రోజులు సాధన చేస్తే వచ్చేసే విద్య. మనకెవరూ నేర్పలేదు, అంతే.

తమ ఒంటి కొలతలిచ్చి సైకిల్ కట్టించుకున్నవాళ్ళతో మాట్లాడితే వాళ్ళు వేగం గురించి పెద్దగా చెప్పరు. తొక్కుతున్నంతసేపూ కింద సైకిల్ ఉందన్న ధ్యాసే ఉండదంటారు. ఈ మాట మొదట డబ్బు పెట్టినవాళ్ళ మురిపెంలా వినిపిస్తుంది. కానీ దాని వెనక కండరాల శాస్త్రం, కాస్త త్రికోణమితి ఉన్నాయి.

1973 మార్చి ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఆక్స్‌ఫర్డ్ ఇంజనీరు ఎస్.ఎస్. విల్సన్ ఒక వ్యాసం రాశాడు. జంతువులు, యంత్రాలు కదలడానికి ఎంత శక్తి ఖర్చు చేస్తాయో పక్కపక్కన పెట్టి పోల్చాడు. నడిచే మనిషి తన బరువులో ప్రతి గ్రాముకూ కిలోమీటరుకు సుమారు 0.75 కేలరీ ఖర్చు చేస్తాడు. అదే మనిషి సైకిలెక్కితే ఆ ఖర్చు 0.15కి, అంటే అయిదో వంతుకు పడిపోతుంది. గుర్రం, సాల్మన్ చేప, జెట్ విమానం అన్నీ ఆ పట్టికలో సైకిల్ తొక్కే మనిషి వెనకే నిలిచాయి. మన లెక్కలో చెప్పాలంటే 70 కిలోల మనిషికి కిలోమీటరు నడకకు 50 పైచిలుకు కిలోకేలరీలు, సైకిల్‌కు పది, పదకొండు. పనామా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవడానికి ఒకటి రెండు ఇడ్లీలు చాలు, చట్నీ లేకుండానే.

ఈ ఆదా ఎక్కడిది? నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఒళ్ళు కొద్దిగా లేస్తుంది, దిగుతుంది. నిలబెట్టే పని కూడా కాళ్ళదే. సైకిల్ మీద బరువంతా సీటు మోస్తుంది, కాళ్ళకు తొయ్యడం ఒక్కటే మిగులుతుంది. అయితే తొయ్యడానికి కండరం తనకు నచ్చిన పొడవులో ఉండాలి. ఈ సంగతిని గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ అనే ముగ్గురు 1966లో కప్ప కండరంలోని ఒక్క పోగు మీద ప్రయోగం చేసి తేల్చారు. కండర పోగులో యాక్టిన్, మయోసిన్ అనే రెండు రకాల తంతువులు ఒకదాని పక్క ఒకటి జారుతూ లాగుతాయి. పోగు మరీ సాగితే అవి ఒకదాన్నొకటి అందుకునే చోటు తగ్గుతుంది, మరీ ముడుచుకుంటే ఒకదానికొకటి అడ్డం పడతాయి. మధ్యలో ఒక చిన్న మేరలోనే పూర్తి బలం వస్తుంది. సీటు దించడమంటే తొడ కండరాలను ఆ మేర బయట పనిచేయించడం. దీనికి తోడు మోకాలు ఎంత వంగితే మోకాలిచిప్ప తొడ ఎముకను అంత గట్టిగా నొక్కుతుంది. ‘సైకిల్ తొక్కితే మోకాళ్ళు అరుగుతాయట’ అనే మాట మన కాలనీల్లో ఎప్పుడూ వినిపిస్తుంటుంది. నన్నడిగితే అందులో సగం తప్పు సీటు రాడ్డుది.

చిత్రమేమిటంటే, సైకిల్ పుట్టిన కొత్తలో మనిషి కొలత తీయకుండా దాన్ని అమ్మడం సాధ్యమే కాలేదు. 1870లలో ఇంగ్లండులో తిరిగిన సైకిళ్ళకు ముందు చక్రం ఆకాశమంత, వెనకది అరచేయంత. పెడళ్ళు నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది కాబట్టి, వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. 52 అంగుళాల చక్రం ఒక చుట్టుకు నాలుగు మీటర్ల పైన పోతుంది. మరి ఇంకా పెద్దది ఎందుకు చేయలేదు? తొక్కేవాడి కాలు అందాలి కాబట్టి. కొట్టుకు వెళ్ళినవాడి కాలు పొడవు చూసి 48, 50, 54 అంగుళాల చక్రం ఇచ్చేవారు. పొడుగు కాళ్ళవాడు పుట్టుకతోనే వేగమైనవాడు. పొట్టివాడు ఎంత బలవంతుడైనా వెనకే.

1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిల్ తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, నడుమ చైను. ముందు పళ్ళ చక్రం పెద్దది, వెనకది చిన్నది. ముందు 44 పళ్ళు, వెనక 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. మన 28 అంగుళాల చక్రంతో అది అయిదున్నర మీటర్లు. పొట్టి కాళ్ళవాడికీ పొడుగు కాళ్ళవాడి వేగం దక్కింది. మనిషిని ఇంత సమానం చేసిన యంత్రాలు చరిత్రలో తక్కువ. కానీ ఆ చైనే ఇంకో పని కూడా చేసింది. చక్రానికీ కాలికీ లంకె తెగిపోయాక కొనేవాడి కాలు కొలవాల్సిన అగత్యం తయారీదారుకు లేకుండా పోయింది. సీటు రాడ్డు కొంచెం పైకీ కిందికీ జరిగేలా పెట్టి, అందరికీ ఒకటే ఫ్రేము అన్నాడు.

మన దేశానికి వచ్చింది ఆ కొలత పోయిన సైకిలే. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. దశాబ్దాల పాటు మన ఊళ్ళలో పెద్దల సైకిల్ అంటే నల్లటి ఇనుప ఫ్రేము, 22 సైజు, లేదంటే 24 సైజు. 24 అంగుళాల ఫ్రేమూ 28 అంగుళాల చక్రాలూ కలిస్తే పైబారు నేల నుంచి 85 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. అయిదడుగుల అయిదంగుళాల మనిషి కాలు పొడవు, గజ్జల నుంచి మడమ దాకా, 77 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే సగటు ఎత్తున్న మగవాడు కూడా ఆ బారుకు రెండు వైపులా కాళ్ళు వేసి నేల మీద నిలబడలేడు. ఇక పదేళ్ళ పిల్లవాడి సంగతి చెప్పేదేముంది. బారు కింది సందులోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి అర పెడలు తొక్కుతూ సైకిల్ నేర్చుకున్న తరాలు మనవి. దాన్ని ముచ్చటగా గుర్తుచేసుకుంటాం గానీ, యంత్రానికి ఒళ్ళు వంచడం నేర్చుకున్న మొదటి పాఠం కూడా అదే.

పొరుగునున్న తమిళనాట పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఊరూరా ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. అక్కడ చాలామంది మగవాళ్ళ సైకిలే బాగుందన్నారని పి. సాయినాథ్ రాశారు. కారణం బారు. సీటుకూ హ్యాండిల్‌కూ నడుమ ఆ బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు. కొలత అంటే ఒంటి కొలతే అనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. ఎవరు తొక్కుతారన్నదానితో పాటు ఏం మోస్తారు, ఎక్కడికి పోతారు అన్నవి కూడా కొలతలే. ఇంటింటికీ పాల క్యాన్లు మోసే మనిషికి పందెపు సైకిల్ ఎంత ఖరీదైనదైనా కుదరదు.

సీటు ఎత్తు దగ్గరికి వద్దాం. 1967లో ఇంగ్లండుకు చెందిన హామ్లీ, థామస్ అనే పరిశోధకులు సీటు ఎత్తు మారుస్తూ మనుషుల చేత తొక్కించి చూశారు. కాలు లోపలి పొడవుకు 109 శాతం దూరంలో, అంటే కిందికి దిగిన పెడలు నుంచి సీటు పైభాగం దాకా అంత ఉన్నప్పుడు, తక్కువ సమయంలో ఎక్కువ బలంగా తొక్కే పని బాగా సాగిందని తేల్చారు. తర్వాత టూర్ ద ఫ్రాన్స్ విజేత గ్రెగ్ లెమాండ్ పేరు మీద ఇంకో సూత్రం వాడుకలోకి వచ్చింది. కాలు పొడవును 0.883తో గుణిస్తే క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) ఇరుసు నుంచి సీటు దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. మన 77 సెంటీమీటర్ల కాలుకు రెండూ వేసి చూద్దాం. మొదటిది 84 ఇస్తుంది, అందులోంచి 17 సెంటీమీటర్ల క్రాంకు తీసేస్తే 67. రెండోది 68. ఎక్కడో ఇంగ్లండు ప్రయోగశాలా, ఎక్కడో ఫ్రాన్స్ పందెపు దారీ ఒక్క సెంటీమీటరు తేడాతో కలిశాయి. ఆ ఎత్తులో పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు నిటారు కన్నా 25 నుంచి 35 డిగ్రీలు మాత్రమే వంగి ఉంటుంది. వైద్యులు కూడా సూచించేది ఈ మేరనే.

కొలవడానికి గోడ, టేపు, ఒక గట్టి అట్ట పుస్తకం ఉంటే చాలు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడాలి. పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుతుందో అంత ఒత్తిడితో పైకి లాగి, దాని పైఅంచు దగ్గర గోడ మీద గీత గీయాలి. నేల నుంచి గీత దాకా ఉన్నది కాలు పొడవు.

సీటు ఎత్తు కుదిరితే సగం పని అయినట్టు. మిగతా సగం అంత తేలిక కాదు. కూర్చున్నప్పుడు బరువంతా కటి ఎముక కింద ఉండే రెండు గుబ్బల మీద పడాలి. వాటి మధ్య దూరం మనిషికీ మనిషికీ మారుతుంది, సగటున ఆడవాళ్ళకు కాస్త ఎక్కువ. సీటు అంతకన్నా ఇరుకైతే బరువు మధ్యలోని మెత్తటి భాగం మీద, అక్కడి నరాల మీద, రక్తనాళాల మీద పడుతుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ శాస్త్రవేత్తలు సైకిల్ మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు చూశారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. తొక్కేటప్పుడు తిమ్మిరి లేదన్నవాళ్ళు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. మెత్తటి సీటు కవరు కొని తొడిగితే నొప్పి పోతుందనుకోవడం వట్టి భ్రమ. స్పాంజి లోతుకు దిగిన కొద్దీ అది వెళ్ళి ఒత్తేది సరిగ్గా ఒత్తకూడని చోటే.

చేతుల సంగతి కూడా ఇలాంటిదే. హ్యాండిల్ మరీ దూరమైతే ఒంటి బరువు అరచేతుల మీదికి జారుతుంది. చిటికెన వేలి వైపు పోయే అల్నార్ నరం నలిగి వేళ్ళు మొద్దుబారతాయి. హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ రెండు సెంటీమీటర్లు పొట్టిది వేస్తే తగ్గిపోయే బాధకు ఏళ్ళ తరబడి గ్లవ్సులు మారుస్తూ ఉంటారు.

క్రాంకు పొడవు మాత్రం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. దుకాణాల్లో దాదాపు అన్నీ 170 మిల్లీమీటర్లే. పొడుగు క్రాంకైతే ఎక్కువ బలం వస్తుందని చాలామంది నమ్మకం. మార్టిన్, స్పిర్దుసో 2001లో 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా అయిదు పొడవుల క్రాంకులు పెట్టి చూస్తే, గరిష్ఠ శక్తిలో తేడా నాలుగు శాతమే. అంటే పొట్టి మనిషికి పొట్టి క్రాంకు వేస్తే పోయే బలం పెద్దగా లేదు. మోకాలు, తుంటి ఇరుకు లేకుండా తిరుగుతాయి. 2024లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన పొగాచర్ అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఆయన వాడింది 165 మిల్లీమీటర్లవి. అయిదడుగుల అమ్మాయికి మన దుకాణాలు అంతకన్నా పొడుగువి ఎందుకు అంటగడుతున్నాయో!

కొలత సౌకర్యంగా కాక తప్పనిసరిగా మారే చోటు హైదరాబాద్‌లోనే ఉంది. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్న ఆదిత్య మెహతా ఈ నగరం నుంచే పోటీ సైక్లింగ్‌లోకి వెళ్ళి, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు తెచ్చాడు. ఆయన పేరుతో ఏర్పడిన ఫౌండేషన్ విధి నిర్వహణలో అవయవాలు కోల్పోయిన జవాన్లతో సహా ఎందరినో క్రీడాకారులుగా తయారుచేస్తోంది. రెండు కాళ్ళతో తొక్కేటప్పుడు మనకు తెలియకుండా ఒక సాయం జరుగుతుంటుంది. దిగే కాలి బరువు లేచే కాలిని పైకి నెడుతుంది. ఒక్క కాలితో తొక్కేవారికి ఆ సాయం లేదు. కాలిని పైకి లాగే పని కూడా తుంటి ముందు కండరాలే చేయాలి. ప్రయోగశాలల్లో ఒంటికాలి పరీక్షలు చేసేటప్పుడు రెండో పెడలుకు పది కిలోల దాకా బరువు కట్టేది ఇందుకే. పారా సైక్లింగ్‌లో మామూలు సైకిళ్ళకు సి1 నుంచి సి5, మూడు చక్రాల వాటికి టి, చేతులతో తొక్కేవాటికి హెచ్, చూపు లేనివారు చూపున్నవారి వెనక కూర్చుని తొక్కే జంట సైకిళ్ళకు బి అని తరగతులున్నాయి. ఇక్కడ రెండు సైకిళ్ళు ఒకలా ఉండవు. ఏ ఒళ్ళు ఎంత వంగుతుంది, ఏ చేయి ఎంత పట్టుకోగలదు, కృత్రిమ పాదం పెడలు మీద ఎక్కడ ఆనాలి అన్న ప్రశ్నలతో సైకిల్ మొదలవుతుంది. రెండు కాళ్ళున్న మనకు ఆ ప్రశ్నలు ఎవరూ వేయరు, ఎలాగోలా సర్దుకుంటాం కాబట్టి.

కొలతలిచ్చి ఫ్రేము కట్టించుకోవడం జాకెట్టు కుట్టించుకోవడం లాంటిదే. మంచి టైలరు టేపు ఒక్కటే నమ్మదు, ఆది జాకెట్టు తెమ్మంటుంది, అందులో ఎక్కడ పట్టేస్తోందో అడుగుతుంది. ఫ్రేము కట్టేవాళ్ళు కూడా ఇప్పుడు తొక్కుతున్న సైకిల్ తెమ్మంటారు, ఎన్నో కిలోమీటరు దగ్గర ఎక్కడ నొప్పి మొదలవుతుందో అడుగుతారు. తర్వాత గొట్టాలు ఎంచుతారు. ఉక్కు ఏ రకమైనా దాని బిగువు దాదాపు ఒకటే. తేడా వచ్చేది గొట్టం లావుతో. గోడ మందం మారకుండా వ్యాసం 25.4 నుంచి 28.6 మిల్లీమీటర్లకు పెంచితే వంగకుండా నిలిచే గుణం 40 శాతం పైగా పెరుగుతుంది. 50 కిలోల మనిషికీ 100 కిలోల మనిషికీ ఒకటే గొట్టాలు వేస్తే ఒకరికి గతుకులన్నీ వెన్నులో దిగుతాయి, ఇంకొకరికి ఫ్రేము ఊగుతుంది. దుకాణంలో సైకిల్ కొనేటప్పుడు మన బరువు ఎవరైనా అడిగారా?

పొట్టివాళ్ళ సమస్య మరీ మొండిది. ఫ్రేమును ఎంతైనా తగ్గించవచ్చు, చక్రం తగ్గదు. ఫ్రేము చిన్నదై చక్రం అలాగే ఉంటే మలుపులో పాదం వెళ్ళి ముందు టైరుకు తగులుతుంది. దాన్ని తప్పించడానికి కంపెనీలు ముందు ఫోర్కు కోణం మార్చి చక్రాన్ని ముందుకు జరుపుతాయి. దాంతో హ్యాండిల్ బరువెక్కుతుంది. అమెరికన్ ఇంజనీరు జార్జీనా టెర్రీ ఈ ముడిని ఎదురుగా విప్పింది. 1985లో సొంత కంపెనీ పెట్టి, ముందు చక్రం 24 అంగుళాలు, వెనకది మామూలు సైజు పెట్టి ఆడవాళ్ళ కోసం సైకిళ్ళు చేసింది. చూసినవాళ్ళు నవ్వారేమో గానీ, ఎక్కినవాళ్ళకు మొదటిసారి హ్యాండిల్ చేతికందింది. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్లు. ప్రభుత్వాలు బడికి వెళ్ళే ఆడపిల్లలకు లక్షల కొద్దీ సైకిళ్ళు పంచాయి, ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం అలాంటిదే. ఎంతో మంచి పని. టెండరు పత్రంలో రెండు సైజులు అని ఒక్క ముక్క రాస్తే ఇంకా మంచి పని అవుతుంది.

ఇంత చదివాక ఆటోనగర్‌కు వెళ్ళి ఫ్రేము కోయించి పొట్టి చేయించుకుందామనిపించవచ్చు. లారీ బాడీలు నిలబెట్టే చేతులున్న చోటది, సైకిల్ ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ మంచి సైకిల్ గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరుకు లోపే. లారీకి వాడే ఆర్క్ వెల్డింగ్ దానికి చిల్లి పెడుతుంది, లేదా అతుకు పక్కన ఉక్కును పెళుసు చేస్తుంది. పాత ఇనుప ఫ్రేములను తక్కువ వేడితో ఇత్తడి పోసి అతికేది అందుకే, ఆ పద్ధతి తెలిసిన గ్యాస్ వెల్డరు దొరికితే చిన్న మార్పులు చేయించవచ్చు. అల్యూమినియం ఫ్రేమును మాత్రం ముట్టుకోనివ్వద్దు. 6061 రకం అల్యూమినియం వెల్డింగ్ తర్వాత మళ్ళీ కొలిమిలో వేడి ప్రక్రియ చేయకపోతే అతుకు దగ్గర బలం సగానికి సగం పోతుంది.

నిజానికి చాలామందికి కొత్త ఫ్రేము అక్కర్లేదు కూడా. పంక్చర్ షాపులో పానా అడిగి తీసుకుని సీటును ఒకేసారి కాకుండా వారానికి అర సెంటీమీటరు చొప్పున పెంచుకోవచ్చు. మోకాలి ముందు నొప్పి వస్తుంటే సీటు ఇంకా కిందే ఉందని, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువ లేపేశామని అర్థం. వెనక నుంచి చూసేవాళ్ళకు తుంటి అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తే కూడా అంతే, కాస్త దించాలి. సీటు రాడ్డు మీద అడ్డ గీతలుంటాయి, అవి బయటికి కనిపించేంత లాగితే రాడ్డు విరుగుతుంది. అప్పుడు పొడుగు రాడ్డు కొనాలి. ఎదిగే పిల్లలకైతే ఆరు నెలలకోసారి పుస్తకం పెట్టి గోడ మీద కొత్త గీత గీయాలి.